కళాయి గరిటెలో ఇండియం

తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచితే అది సన్నగా కిర్రుమంటుంది. తగరం స్వచ్ఛమైనదైతేనే ఆ శబ్దం. సీసం కలిసిందంటే మూగగా వంగిపోతుంది. మా నాయన జీవితమంతా తగరాన్ని చెవితోనే కొన్నాడు. గూడూరు బజారులో అంగడి ముందు నిలబడి, ఫోను మాట్లాడే మనిషిలాగా కడ్డీని చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వంచేవాడు. "పలికింది" అంటే కొంటాడు, "పలకలా" అంటే వెనక్కి ఇచ్చేస్తాడు. చిన్నప్పుడు ఆయన వెంట పోతే నాకు సిగ్గుగా ఉండేది. అందరూ మమ్మల్నే చూస్తున్నారనిపించి రెండంగళ్ల అవతల నిలబడేదాన్ని.

నాయన వంటపాత్రలకు కళాయి పెడతాడు. రాగి, ఇత్తడి గిన్నెల్లో చిలుము పట్టి వంట విషం కాకుండా లోపల పల్చగా తగరం పూత పూయడమే ఆ పని. చిల్లకూరు దగ్గర హైవే పక్క వీధిలో మా ఇల్లు. ఆ వీధిలో ఉన్న ముస్లిం కుటుంబాలన్నీ ఏదో ఒక చేతిపనితోనే బతుకుతున్నాయి. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఒకప్పుడు నాయన కొలిమి సామాను బస్సు మీద వేసుకుని విడవలూరు దాకా పోయి, నాలుగు రోజులు అక్కడే ఉండి, ఊరందరి గిన్నెలకూ కళాయి పెట్టి వచ్చేవాడు. స్టీలు గిన్నెలొచ్చాక ఆ తిరుగుడు పోయింది. ఇప్పుడు పెళ్లి వంటల రాగి డేగిసాలు, హైవే మీది బిర్యానీ హోటళ్ల డేగిసాలు మాత్రమే వస్తాయి.

నేను భౌతికశాస్త్రంలో పరిశోధన చేయడానికి మద్రాసు పోయాను. మా వీధిలో సైన్సు చదివేవాళ్లంతా చివరికి శ్రీహరికోటకే పోతారని అందరి నమ్మకం. మేడ ఎక్కితే రాకెట్టు పోయేది కనిపిస్తుంది కాబట్టి ఆ నమ్మకాన్ని తప్పు పట్టలేను. "ఏ రాకెట్టు చేస్తన్నావు?" అని అడిగేవాళ్లకు మొదట్లో ఓపికగా చెప్పేదాన్ని. తర్వాత విసుగొచ్చి, "పెద్దదే" అనేదాన్ని.

నిజానికి నేను చేసేది చాలా చిన్నది. సీరియం, కోబాల్టు, ఇండియం అనే మూడు లోహాలు కలిపి ఆవగింజకు కాస్త పెద్దవైన స్ఫటికాలు పెంచుతాను. మామూలు రాగి తీగలో ఎలక్ట్రాన్లు తేలిగ్గా పోతాయి. ఈ స్ఫటికాన్ని బాగా చల్లబరిస్తే, దీనిలో తిరిగే ఎలక్ట్రాన్లు సీరియం పరమాణువుల అయస్కాంతత్వంతో చిక్కుపడి, ఉన్న బరువుకు వందల రెట్లు బరువున్నట్టు ప్రవర్తిస్తాయి. పులికాట్ ఒడ్డున గట్టి ఇసుక మీద నడిచే మనిషి బురదలోకి దిగితే కాళ్లు ఎలా ఈడుస్తాడో అలాగన్నమాట. ఎలక్ట్రాన్లు ఫెర్మియాన్ జాతి కణాలు, అందుకే వీటిని భారీ ఫెర్మియాన్ పదార్థాలంటారు. ఇంకా చల్లబరిచి, ఇక అంతకన్నా చల్లబరచలేని పరమ శూన్య ఉష్ణోగ్రతకు రెండు డిగ్రీల పైచిలుకు దాకా దించితే, కాళ్లీడ్చే ఆ ఎలక్ట్రాన్లే ఉన్నట్టుండి జంటలు కట్టి, ఏ అడ్డూ లేకుండా పారతాయి. నిరోధం సున్నా అయిపోతుంది. అదే అతివాహకత. అంత బరువున్నవి అంత సులువుగా ఎలా పోతాయి? మామూలు అతివాహకాల్లో అయస్కాంతత్వం జంటల్ని విడగొడుతుంది కదా, ఇక్కడ దాని పక్కనే ఉండి జంటలెలా కడుతున్నాయి? ఈ రెండు ప్రశ్నల కోసమే నేను ఇంట్లోవాళ్లతో పోట్లాడి మరీ ఈ చదువుకు వచ్చాను. జవాబు ఇంకా ఎవరి దగ్గరా పూర్తిగా లేదని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఒక వేసవిలో కరెంటు పనుల కోసం మా ల్యాబు పదిరోజులు మూసేశారు. అప్పుడే కొత్త ఇండియం దిమ్మ వచ్చింది. దాన్ని చిన్న ముక్కలుగా కోస్తేగాని నా మూసల్లో పట్టదు. అది మైనంలాంటి మెత్తని లోహం, బ్లేడుతోనే తెగుతుంది, కానీ ఒక రోజంతా పడుతుంది. ఖాళీగా కూర్చోవడం ఎందుకని దిమ్మను, కొత్త బ్లేడ్లను, చేతి తొడుగులను సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేశాను. ఎవరినీ అడగలేదు. అది మొదటి తప్పు.

నాయన దిమ్మను చూశాడు. మూలన సన్నని అంచు ఒకటుంటే, తొడుగులు వేసుకోమని నేను అరుస్తున్నా వినకుండా, చెవి దగ్గర పెట్టుకుని వంచాడు. ఆయన ముఖం మారిపోయింది.

"ఏయ్, ఇది గూడా పలకతా ఉందే!"

నాకు తెలియని సంగతి కాదు. తగరంలాగే ఇండియం కూడా వంచితే శబ్దం చేస్తుందని పుస్తకంలో చదివాను. చెవి పెట్టి ఎన్నడూ వినలేదు. ఆయన వినిపించాక, నేనూ మోకాళ్ల మీద కూర్చుని విన్నాను. తగరం కంటే మెత్తగా, దూరంగా ఎవరో పట్టుగుడ్డ నలిపినట్టు ఉంది.

"తగరానికి తోడబుట్టిందే ఇది" అన్నాడు నాయన. ఆయన అన్నది దాదాపు నిజం. మూలకాల పట్టికలో రెండూ పక్కపక్క గళ్లలో ఉంటాయి.

మర్నాడు అమ్మా నేనూ విడవలూరులో ఉన్న మా అత్త ఇంటికి పోయి సాయంత్రానికి తిరిగొచ్చాం. వచ్చేసరికి దిమ్మ లేదు. దాని చోట పెన్సిలంత లావున పన్నెండు కడ్డీలు, శుభ్రమైన గుడ్డ మీద వరుసగా పేర్చి ఉన్నాయి. నేను లేని పూట చూసి, నాయన దిమ్మను గరిటెలో కరిగించి కడ్డీలుగా పోసేశాడు.

"బ్లేడుతో గీక్కుంటా కూచుంటావా రోజంతా? గంటలో అయిపోయింది. కొలిమి గూడా అక్కర్లా, స్టవ్వు మీదే కరిగింది" అన్నాడు. ఆ ముఖంలో ఎంత వెలుగో!

నాకు కోపం త్వరగా వస్తుంది, తీరిగ్గా పోతుంది. కానీ ఆ రోజు కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "గరిటె శుభ్రంగా ఉందా నాయనా?" అని మాత్రం అడిగాను.

"ఏందమ్మా, గరిటె శుభ్రం గురించి నన్నే అడగతావా?" అన్నాడు. ఆ తర్వాత ఇంకొక్క ప్రశ్న వేయడానికి నాకు మొహం చెల్లలేదు. కడ్డీలు తీసుకుపోయి, ల్యాబులో ఆమ్లంతో కడిగి, పైన ఏమైనా అంటి ఉంటే పోయి ఉంటుందిలే అనుకుని సీరియం, కోబాల్టులతో కలిపి ల్యాబు కొలిమిలో పెట్టాను. అది రెండో తప్పు. కొలిమిలోంచి స్ఫటికాలు ఎప్పటిలాగే నిగనిగలాడుతూ బయటికొచ్చాయి.

కొలిచే రోజున స్ఫటికానికి నాలుగు సన్నని బంగారు తీగలు అంటించి, హీలియంతో చల్లబరిచే యంత్రంలో దించాను. తెర మీద నిరోధం గీత మెల్లగా దిగుతోంది. రెండు డిగ్రీల పైచిలుకు దగ్గర అది నిట్టనిలువుగా పడిపోవాలి. పడలేదు. రెండు దాటింది. ఒకటిన్నర కూడా దాటింది. ఏదో తీగ ఊడిందనుకుని లేవబోతున్నాను. ఒకటి పైచిల్లరలో ఉండగా, ఎవరో అప్పుడే గుర్తుచేసినట్టు, గీత సున్నాకు పడిపోయింది.

మూడు వారాలు నాకు వేరే ధ్యాస లేదు. థర్మామీటరును అనుమానించాను. తీగలను, అంటించిన పేస్టును, చివరికి ల్యాబు గోడ అవతల నడిచే లిఫ్టును కూడా అనుమానించాను. తర్వాత బుద్ధి వచ్చి, పాత స్ఫటికాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కనే పెట్టి ఒకేసారి చల్లబరిచాను. పాతది చెప్పినట్టు సరిగ్గా తన చోట పడింది. కొత్తది సగం దూరం ఆలస్యంగా పడింది. అంటే తేడా యంత్రంలో లేదు, స్ఫటికంలోనే ఉంది. నాకు భయం వేయాల్సింది. వేయలేదు. చిన్నపిల్లలకు చీమల పుట్ట కనపడినప్పుడు ఉంటుందే, అలాంటి ఆత్రం పట్టుకుంది.

నోటుబుక్కు తిరగేశాను. సీరియం అదే సీసాలోది, కోబాల్టు అదే పొట్లంలోది, మూసలూ అవే. ఇండియం దగ్గర నా చేతిరాతే ఉంది: ఇంట్లో కడ్డీలుగా పోసినది. స్ఫటికాన్ని ఎలక్ట్రాన్ పుంజం కింద పెట్టి, ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయో చూపించే యంత్రం దగ్గరికి పరిగెత్తాను. ఇండియం గీత పక్కనే, దాని భుజానికి ఆనుకుని, చిన్నగా తగరం గీత నిలబడి ఉంది. ఇండియం వంద పాళ్లనుకుంటే రెండు పాళ్లు కూడా నిండవు.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కళాయి పెట్టేవాడు పూత లేని బోడి ఇనుప గరిటెలో ఏదీ కరిగించడు. ముఖ్యమైన పని చేసేముందు గరిటెలోని పాత పూత గీకేసి, మురికి వదిలించే నవాసాగరం పొడి చల్లి, కొత్త తగరం పూత వేస్తాడు. ఇనుము తుప్పు పనిలోకి దిగకూడదని అలా చేస్తాడు. మా ఇంట్లో తగరం అంటేనే శుభ్రం. తగరం పూసిన గిన్నెలోనే పిల్లలకు అన్నం పెడతారు. నా లోహం మీద ఎంతో ప్రేమ కొద్దీ నాయన తనకు తెలిసిన అన్నిటికంటే శుభ్రమైన పని చేశాడు. కరిగిన ఇండియం ఆ పూతను చక్కెరను పాలు కరిగించుకున్నట్టు తనలో కలిపేసుకుంది. కళాయి పెట్టేవాడి కూతురినై ఉండి ఆ సంగతి అడగకపోవడం నా తెలివి.

మా గైడ్ మేడమ్ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. అడగకుండా దిమ్మను ఇంటికి తీసుకుపోయినందుకు ఆమె బాగా తిట్టారు. తిట్టాలి కూడా. ఆ తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని, "తగరం ఎంత?" అని అడిగారు. ఆ ప్రశ్నతో గది గాలే మారిపోయింది. ఈ పదార్థంలో కావాలని తగరం కలిపి చూసినవాళ్లు ఇదివరకే ఉన్నారు. దీన్నే డోపింగ్ అంటారు. ఇండియం కంటే తగరానికి ఒక ఎలక్ట్రాను ఎక్కువ. తగరం పరమాణువు ఎక్కడపడితే అక్కడ కూర్చోదు, సీరియం పరమాణువులున్న పొరలోని ఇండియం చోటే ఎక్కువగా ఎంచుకుని కూర్చుంటుంది. అందుకే చిటికెడు పడినా జంటలు కట్టడం కష్టమైపోతుంది. అదే ఒక ఎలక్ట్రాను తక్కువున్న కాడ్మియం కలిపితే, అతివాహకత తగ్గడంతో ఆగదు, దాగి ఉన్న అయస్కాంతత్వం నిద్ర లేస్తుంది.

తగరాన్నీ కాడ్మియాన్నీ తూచి కలిపి, వరసగా స్ఫటికాలు పెంచమన్నారు మేడమ్. నాయన కడ్డీల స్ఫటికాన్ని మాత్రం పక్కన పెట్టారు. అందులోకి తగరం ఎలా వచ్చిందో, పూత కొత్తదో పాతదో, ఎంతసేపు వేడి మీద ఉందో అన్నీ రాయగలిగితేనే దాన్ని థీసిస్‌లో చూపించాలి, రాయలేకపోతే పారేయాలి అన్నారు. ఆ వివరాలు తెలిసిన మనిషి ఒక్కడే.

అయితే అప్పటికే నేను మూడో తప్పు చేసి ఉన్నాను. కొలతలు మొదలుకాకముందు నుంచే నాయన వారానికోసారి ఫోనులో అడిగేవాడు. "మన కడ్డీలు పనికొచ్చినాయా పాపా?" మూడు వారాల తికమకలో ఉన్నప్పుడు ఒకసారి, "వచ్చినాయి నాయనా, బ్రహ్మాండంగా వచ్చినాయి" అనేశాను. ఆ మాట ఆయన హైవే మీది హోటళ్లన్నిటికీ మోసుకుపోయాడు. డేగిసాలు తీసుకోవడానికి వచ్చిన ప్రతి వంటవాడికీ, మా అమ్మాయి ల్యాబులో లోహం నేనే పోసిస్తానని చెప్పుకున్నాడని అమ్మ మురిసిపోతూ చెప్పింది. పని తగ్గిపోయి, ఇంట్లో ముభావంగా తిరిగే మనిషి ఆ నెలంతా హుషారుగా ఉన్నాడట. ఇప్పుడు నేను నిజం చెబితే ఆ హుషారు ఏమవుతుంది? చెప్పకపోతే ఆ స్ఫటికం చెత్తబుట్టలోకి పోతుంది. ఊరికి పోయే రైల్లో ఈ రెంటి మధ్య నలుగుతూనే కూర్చున్నాను.

నేను పోయేసరికి నాయన మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చి వసారాలో కూర్చున్నాడు. ముందర పీట మీద గరిటె పెట్టి ఉంది. లోపల ముఖం చూసుకోవచ్చు, అంత తెల్లగా మెరుస్తోంది.

"లోహం తెచ్చినావా పాపా? చూడు, రడీగా పెట్టినా."

"నాయనా, పోయినసారి కూడా ఇట్టాగే కళాయి పెట్టి పోసినావా?"

"పెట్టకుండా ఎట్టా పోస్తా? బోడి ఇనుములో నీ లోహం పోస్తానా? పాతదంతా గీకేసి, నవాసాగరం కొట్టి, రెండు సార్లు పెట్టినా. ఎందుకడగతన్నావు?"

"ఆ తగరం నా లోహంలోకి దిగిపోయింది నాయనా. దానికి ఉండాల్సిన గుణం సగానికి పడిపోయింది."

ఆయన గరిటె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మరి బ్రహ్మాండంగా వచ్చినాయంటివే ఫోన్లో?"

"అన్నాను."

"అబద్ధమా?"

"అబద్ధమే నాయనా. నువ్వు బాధపడతావని."

"తగరంలో సీసం కలిపినారంటే వంచి చూసుకుంటా. నీ మాటను యాడ వంచి చూసుకునేది?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. అందుకే నాకు ఏడుపు ఆగలేదు. ఆయన లేచి పోయి, పెరట్లో ఉన్న పెద్ద డేగిసాను దొర్లించుకుని తోమడం మొదలుపెట్టాడు. నేను వసారాలోనే కూర్చుని ఉండిపోయాను. అమ్మ టీ తెచ్చి నా పక్కన పెట్టి లోపలికి పోయింది. హైవే మీద లారీలు పోతున్నాయి. డేగిసాను ఇసుకతో తోమే శబ్దం ఆగలేదు.

సాయంత్రం కావస్తుండగా ఆ శబ్దం ఆగింది. నాయన తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఎంత దిగింది?"

"నూటికి రెండు కూడా లేదు."

"రెండు గూడా లేకుండానే సగం పోయిందా!" ఆయన కళ్లలో మధ్యాహ్నం నుంచీ లేని వెలుగు చూశాను. "డేగిసాలో పూత ఇంత పెడితేగాని చిలుము ఆగదు. అంత కొంచెమే అంత పని చేసిందా నా తగరం?"

"చేసింది."

"సీసం ఏమన్నా కనపడిందా?"

"లేదు. మిషను ఎంత వెతికినా సీసం కనపడలా."

"నా చెవికి కొన్నప్పుడే తెలుసు. మిషనుకు ఇప్పుడు తెలిసింది" అన్నాడు. ఆ మాటతో నేను ఏడుస్తూనే నవ్వేశాను.

ఇంక ఆయన వదల్లేదు. తగరానికి బదులు వేరేది పడితే ఏమవుతుందన్నాడు. కాడ్మియం సంగతి చెప్పాను. కాడ్మియం కలిపిన స్ఫటికాన్ని గట్టిగా ఒత్తిడిలో పెట్టి నొక్కితే, పోయిన అతివాహకత తిరిగొస్తుందని కూడా చెప్పాను. నాయన నేలమీద వేలితో ఏదో గీస్తూ ఆగిపోయాడు.

"కలిపింది తియ్యకుండానే?"

"తియ్యకుండానే."

"అదెట్టా?"

"అందరూ వాదించుకుంటున్నారు నాయనా. పూర్తిగా ఎవరికీ తెలీదు."

"అట్టయితే నీకు చాలా పనుందే" అన్నాడు తృప్తిగా. అప్పటిదాకా నా చదువు గురించి అంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

గరిటె ఎంతసేపు స్టవ్వు మీద ఉందో, ఎన్నిసార్లు కలిపాడో, మొదటి కడ్డీ ఏది, చివరిది ఏదో అన్నీ అడిగి రాసుకున్నాను. మొదటి కడ్డీకీ చివరి కడ్డీకీ తేడా ఉంటుందా అని ఆయనే అడిగాడు. నాకు తట్టని ప్రశ్న అది. చివర్లో పోసిన లోహం గరిటెలో ఎక్కువసేపు ఉంది కాబట్టి దానిలో తగరం ఎక్కువ ఉండవచ్చు. అదృష్టం కొద్దీ నా దగ్గర నాలుగు కడ్డీలు, ఆయన పేర్చిన వరస చెడకుండా, మిగిలే ఉన్నాయి. వాటిని కొలిచి చూస్తానని మాటిచ్చాను.

థీసిస్‌లో ఆ భాగం రాసిన రోజున నాయనకు ఫోను చేసి, ఇంగ్లీషులో ఉన్న వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించాను. ఈ నమూనాకు వాడిన ఇండియాన్ని కళాయి పెట్టిన ఇనుప గరిటెలో కరిగించడం వల్ల దానిలో తగరం కలిసింది అని.

మళ్లీ బాధపెట్టానేమో అనుకున్నాను.

"కళాయి అని ఊరికే రాస్తే ఎట్టా? కొత్త కళాయి, రెండు సార్లు పెట్టింది అని రాయి" అన్నాడు నాయన. "ఈసారి ఏదీ దాచబాకు."

అలాగే రాశాను.